ఇన్‌స్పెక్షన్‌లో టి ఎవరి పక్క?

ఇంగ్లీషు మాటను ఎక్కడ విరవాలో తెలియక నేను ఒక ఆదివారమంతా అన్నం ముట్టలేదు. వింటే మీకు నవ్వు రావచ్చు. మీ ఫోనులో లైను చివర మాట పట్టకపోతే అదే కిందికి దిగిపోతుంది, మీరు చూడను కూడా చూడరు. మా కాలంలో సీసపు అక్షరాలు వాటంతట అవి దిగేవి కావు. ఎవరో ఒకరు చేత్తో పట్టి దించాలి. మా ప్రెస్సులో ఆ దించే మనిషిని నేనే.

నేను చదివింది నాలుగో తరగతి. అదీ పుట్టింటి వైపు, తెలుగులో. పెళ్ళయి ఇటు కర్ణాటక పక్కకు వచ్చాక వై.ఎన్.హొసకోటలో ఒక చిన్న ప్రెస్సులో మడతల పనికి చేరాను. కరపత్రాలు మడవడం, రసీదు పుస్తకాలు కుట్టడం, కత్తిరించిన అంచులు ఊడ్చడం. వానలు మొహం చాటేసి, వేసిన వేరుశనగ విత్తనం కూడా తిరిగి ఇంటికి రాని ఏండ్లు అవి. చేలో కూలి లేదు. మడతల పని పెళ్ళిళ్ళ నెలల్లోనే ఉండేది. ఏడాది పొడుగునా పని ఉండేది కేసు దగ్గర. కేసు అంటే అక్షరాలను గడికొక రకంగా పోసి పెట్టిన వెడల్పాటి చెక్క అర. దాని ముందు నిలబడి, ఎడమ చేతిలో స్టిక్కు అనే ఇనుప పట్టీ పట్టుకుని, కుడి చేత్తో ఒక్కో అక్షరం ఏరి తలకిందులుగా పేర్చాలి. మూడేండ్లు మడుస్తూనే ఓర చూపుతో ఆ గళ్ళన్నీ కంఠతా పట్టాను. కంపోజిటర్ పని మాని వెళ్ళిపోయిన రోజు, ఎవరూ పిలవకుండానే పోయి కేసు ముందు నిలబడ్డాను. యజమాని కళ్ళద్దాల పైనుంచి చూశాడు. పొమ్మనలేదు. అదే నాకు ఇచ్చిన ఉద్యోగం.

కన్నడ అక్షరాలతో నాకు కష్టం లేకపోయింది. తెలుగు అక్షరాలకు అవి చెల్లెళ్ళు. ఇంగ్లీషే మొండిది. అర్థం తెలియదు కాబట్టి చేతిరాత కాగితం ఎదురుగా పెట్టుకుని బొమ్మకు బొమ్మ పేర్చేదాన్ని. పేర్చడంలో చిక్కు లేదు, చిక్కంతా లైను చివరే. మన భాషలో ప్రతి అక్షరానికీ దాని గొంతు దానికి ఉంది. ఏ అక్షరం తర్వాత విరిచినా చదివేవాడు చదువుకుంటాడు. ఇంగ్లీషుదీ అంతే అనుకుని జాగా ఎక్కడ అయిపోతే అక్కడ తుంచేదాన్ని.

ప్రూఫులు దిద్దడానికి ఒక హైస్కూలు ఇంగ్లీషు మేష్టరు వచ్చేవాడు. ఊరు మంగళవాడ. నెత్తిన గొడుగు, చంకలో సంచి, కళ్ళెప్పుడూ బస్సు వచ్చే దారి మీద. ఒకసారి నా ప్రూఫు చూసి పకపకా నవ్వాడు.

"ఏమమ్మా, గవర్నమెంటును యాడ తుంచినావో చూడు. కింద లైన్లో ఎన్ను, టీ రెండే, మంద తప్పిన మేకపిల్లల మాదిరి నిలబడి ఉండాయి."

"జాగా ఆడికే అయిపోయింది మేష్ట్రే."

"జాగా అయిపోతే అట్ల నరికేస్తావా? ఇట్ల రా. ఇంగ్లీషు మాటలకు తోకలుంటాయి. లాటిన్ అని ఒక పాత భాష, ఆడినుంచి వచ్చిన తోకలు. మెంట్ ఒక తోక. ఏబుల్ ఒక తోక. ఐ ఓ ఎన్ ఒక తోక. గవర్న్‌కు మెంట్ కుడితే గవర్నమెంట్. యాక్ట్‌కు ఐ ఓ ఎన్ కుడితే యాక్షన్. ఇన్‌స్పెక్ట్‌కు కుడితే ఇన్‌స్పెక్షన్. తోక యాడ కుట్టినారో కనిపెట్టినావనుకో, మాట నీకు వశమైతాది."

కుట్టినారు అన్న మాట నా చెవిలో నిలిచిపోయింది. కుట్టు సంగతి నాకు తెలుసు. పాత రవిక విప్పి పిల్లకు గౌను కుట్టాలంటే కత్తెర పెట్టకూడదు, కుట్టు కాడే విప్పాలి. అప్పుడు జానెడు గుడ్డ కూడా చెడదు. మాటకూ అంతేనని నాకు నేనే తీర్మానం చేసుకున్నాను. తోక ముందు విరవాలి. గవర్న్ పైన, మెంట్ కింద. మేష్టరు చూసి తల ఊపాడు. దాంతో నాకు ధైర్యం వచ్చింది.

ఇప్పుడు తెలుస్తోంది. ఆయన చెప్పింది మాట ఎట్లా పుడుతుందో. నేను విన్నది మాట ఎట్లా విరుగుతుందో. రెండూ ఒకటే అనుకున్నాను.

ఆ ఏడు ఎండాకాలం ముందు ఒక ఇంగ్లీషు నోటీసులో నేను ఎన్ అక్షరం తలకిందులుగా పెట్టాను. అది యు అయి కూర్చుంది. నోటీసు వేయించుకున్నవాళ్ళు ప్రెస్సుకు వచ్చి యజమానిని నలుగురిలో నిలదీశారు. వాళ్ళు పోయాక ఆయన కేకలు వేయలేదు. నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు.

"చూడమ్మా, ఇంగ్లీషులో ఇంకొక్క తప్పు వచ్చిందంటే నువ్వు మళ్ళా మడతల బల్లకే."

మాట అంటే మాటే ఆయనకు. ఆ రోజు నుంచి ఇంగ్లీషు కాగితం చేతికి వస్తే నాకు అరచేతులు చెమట పట్టేవి. తడి చేతులకు సీసం మరీ జారుతుంది.

అంతలో చుట్టుపక్కల హైస్కూళ్ళన్నీ కలిసి తొమ్మిదో తరగతి సంవత్సర పరీక్షకు ఒకే ప్రశ్నపత్రం వేయించాలనుకున్నాయి. ఇంగ్లీషు పేపరు రాసింది మన మేష్టరే. ఒక్క కాగితానికి రెండు వైపులా సరిపోవాలని యజమాని ఆజ్ఞ. నాకు ఆజ్ఞ అక్కర్లేదు, ఒక లైను మిగిలిందంటే ఇంట్లో చారెడు బియ్యం మిగిలినంత సంతోషం నాకు. తొమ్మిదో ప్రశ్న దగ్గరికి వచ్చాను. అది ఏమి అడుగుతోందో మేష్టరు ముందే చెప్పాడు. మాటలను పలికే తీరులో ముక్కలు చేసి, ముక్కకూ ముక్కకూ నడుమ చిన్న గీత పెట్టాలి. నమూనాకు నేషన్ అనే మాటను ఆయనే ముక్కలు చేసి చూపించాడు. కింద ఆరు మాటలు ఇచ్చాడు. ఐదోది ఇన్‌స్పెక్షన్.

అది సరిగ్గా లైను చివర పడింది. టి వరకు పట్టింది. ఐ ఓ ఎన్ మిగిలాయి. కుట్టు కూడా అక్కడే ఉంది కదా! జాగా ఎవరో కొలిచి పెట్టినట్టు ఉంది. ఆ మాటను మొత్తంగా కిందికి దించితే ఒక లైను పెరిగి, చివరి ప్రశ్న కాగితం దాటిపోతుంది. టి పక్కన గీత పెట్టి, తోకను కిందికి దించాను. పని కుదిరిందని నన్ను నేనే మెచ్చుకున్నాను.

శుక్రవారం మేష్టరు వచ్చి ప్రూఫు చూశాడు. బస్సు హారను వినబడింది. సంతకం పెట్టి పరుగెత్తాడు. సాయంత్రానికి అచ్చయింది. పరీక్ష నడిపే బడి హెడ్మాస్టరు దగ్గరుండి లెక్కపెట్టించి, కట్టలు కట్టించి, లక్క ముద్రలు వేయించి తీసుకుపోయాడు. చెడిపోయిన కాగితాలను పెరట్లో కాల్చేశారు. పరీక్ష మంగళవారం.

శనివారం పొద్దున అక్షరాలు పంచే పని. అచ్చయిన పేజీని విప్పి ఏ గడి అక్షరాన్ని ఆ గడిలో వేయాలి. చేతికి అలవాటైన పని, మనసు ఎక్కడో ఉంటుంది. తొమ్మిదో ప్రశ్న లైన్లు చేతిలోకి తీసుకున్నాను. నమూనా మాట నేషన్ మొదట ఉంది. అందులో గీత టి కి ముందు ఉంది. గీత, తర్వాత టి, ఐ, ఓ, ఎన్. నలుగురూ ఒకే పక్క. కింద నేను విరిచిన మాట చూశాను. టి, తర్వాత గీత. టి అవతల, ముగ్గురు ఇవతల.

నాకు ఇంగ్లీషు రాదు. కానీ బొమ్మ తేడా తెలుస్తుంది.

ఆ పైన ఇంకొకటి తట్టింది. ఆ ప్రశ్న అడిగేదే గీత ఎక్కడ పెట్టాలని! పిల్లలు గీతను చూస్తారు. ప్రశ్నపత్రంలోనే ఉంది కదా, అచ్చులో తప్పు ఉంటుందా అనుకుని అట్లాగే దించుతారు. నమూనా ఒక దారి చూపిస్తోంది, నేను ఇంకొక దారి చూపించాను. తొమ్మిదో తరగతి తప్పితే మా పక్క పిల్లను మళ్ళీ బడికి ఎవరు పంపుతారు? గొర్రెల వెంట పంపుతారు, లేదంటే కాయలు వలిచే చోట కూర్చోబెడతారు. ఒక్క మార్కే కావచ్చు. ఒక్క మార్కుతో తప్పినవాళ్ళను నేను చూశాను.

"ఏందక్కా, కేసు ముందర దెయ్యాన్ని చూసినట్ల నిలబడినావు?" అన్నాడు కాలితో ట్రెడిల్ తొక్కి అచ్చు వేసే మిషను మనిషి. నాకంటే చిన్నవాడు, నోరు పెద్దది.

"ఏం లేదప్పా. నీ కాలు చూసుకో, మిషను చూసుకో."

ఆ లైన్లను నేను పంచలేదు. విరిగిన మాట రెండు ముక్కలనూ దారంతో బిగించి కొంగున కట్టుకున్నాను. ప్రెస్సు సీసం గడప దాటించడం దొంగతనమే. అది కూడా చేశాను. ఆ రాత్రి మొగుడికి గానీ పిల్లలకు గానీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు, ఇంట్లో అందరూ కలిసి నన్ను నోరు మూసుకోమంటారు. వాళ్ళు తినేది కూడా కేసు తిండే కదా.

ఆదివారం పావగడలో బస్సు మారి మంగళవాడ పోయాను. మేష్టరు ఇంటి ముందు ఖాళీ బిందెలు వరసగా ఉన్నాయి, నీళ్ళ ట్యాంకరు కోసం. ఆయన బనియనుతో అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు.

"ఏమమ్మా, ఇంత దూరం?"

కొంగు విప్పి చూపించాను. ఆయన అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. అద్దంలో అక్షరాల మాదిరి ఉంటాయి కదా, ఆయనకు చదవడానికి రాలేదు.

"ఏంది ఇది? నువ్వే చదువు."

బి.ఏ. చదివిన మనిషికి నాలుగో తరగతిదాన్ని చదివి పెట్టాల్సి వచ్చింది. చదవడం కంటే చూపించడమే మేలనుకున్నాను. లోపలికి పోయి పొయ్యి మసి తెచ్చి సీసం మీద రుద్ది, "చెయ్యి చాపండి మేష్ట్రే" అన్నాను. ఆయన అరచేతిలో రెండు ముక్కలనూ ఒకదాని కింద ఒకటి అదిమాను. పైన ఇన్‌స్పెక్ట్, గీత. కింద ఐ ఓ ఎన్. నల్లగా, స్పష్టంగా.

ఆయన మొహం మాడిపోయింది.

"తొమ్మిదో ప్రశ్నా?"

"ఊ."

"టిని ఆ పక్క యాల నిలబెట్టినావమ్మా?"

"మీరే చెప్పినారు గదా, తోక ఆడ కుట్టినారని. కుట్టు కాడ విప్పినా."

ఆయన అరుగు మీద జరిగి నన్ను కూర్చోమన్నాడు. తర్వాత మెల్లగా, బడిలో చెప్పినట్టే చెప్పాడు.

"కుట్టేది ఆడే. కానీ నోరు ఆడ విరగదు. వాడు, అన్నాడు... రెండూ కలిపి చెప్పు."

"వాడన్నాడు."

"ఇప్పుడు ఒక్కో అక్షరం పలుకు."

"వా, డ, న్నా, డు."

"డ చూసినావా? అది వాడులోది. అన్నాడులోని అకారం వచ్చి దాన్ని తన పక్కకు లాక్కునింది. తోక అచ్చుతో మొదలైతే ముందరి హల్లును లాక్కుంటాది. ఇంగ్లీషులో అన్ని చోట్లా ఇట్లే అని చెప్పలేము గానీ ఐ ఓ ఎన్ మాత్రం టిని ఇడిసిపెట్టదు. టిని లాక్కుని షన్ అయి కూర్చుంటాది. మెంట్ అచ్చుతో మొదలు కాదు, అందుకే అది ఎవర్నీ లాగదు. నువ్వు మెంట్‌ను చూసి అన్నీ అట్లే అనుకున్నావు."

అంత భయంలోనూ నాకు ఆ క్షణం ఒళ్ళు జలదరించింది. ఇన్నాళ్ళూ నేను రాళ్ళు పేర్చినట్టు పేర్చిన బొమ్మలకు లోపల ఒక నడక ఉందని, అది మన వాడన్నాడులో ఉన్న నడకేనని మొదటిసారి తెలిసింది. ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు.

"అయితే ఏం చేద్దాం మేష్ట్రే?"

ఆయన అరచేతిలోని మసిని పంచెకు తుడుచుకున్నాడు. పోలేదు.

"ఏం చేస్తాం? సీలు వేసేసినారు. ఎవురూ చూడరులేమ్మా. ఒక్క మాట."

"పిల్లోళ్ళు చూస్తారు."

"చూస్తే చూస్తారు. ప్రూఫు మీద నా సంతకం ఉండాది. నాకు బదిలీ కాగితం కదిలే టైము ఇది, సొంతూరి బడికి. ఇప్పుడు ఈ మాట బయటికి వస్తే..." అని ఆగాడు. "నిన్ను మాత్రం మీ ప్రెస్సు ఆయప్ప పెట్టుకుంటాడా? కేసు కాడినుంచి దించేస్తాడు. నీకు తెలీదా?"

తెలుసు. తెలుసు కాబట్టే ఆయన దగ్గరికి వచ్చాను, చదువుకున్న మనిషి ఏదో ఒక దారి చూపిస్తాడని. ఆయన నా కంటే ఎక్కువ భయపడ్డాడు. ఆయన భార్య మజ్జిగ ఇచ్చింది. ట్యాంకరు రాని ఇంట్లో ఆ మజ్జిగ తాగబుద్ధి కాక గ్లాసు అరుగు మీదే పెట్టాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా పక్కన కనిపించిన బోర్డులన్నిటినీ చదువుతూ వచ్చాను. ఎక్కడ ఐ ఓ ఎన్ కనబడినా దాని ముందు టి నిలబడి ఉంది.

సోమవారం పొద్దున యజమాని తాళం తీయకముందే ప్రెస్సు మెట్ల మీద ఉన్నాను. ఆయన లోపలికి వచ్చి దేవుడి పటానికి ఊదుబత్తి వెలిగించేదాకా ఆగాను. కొంగులోని సీసం తీసి బల్ల మీద పెట్టాను.

"అన్నా, ఇంగ్లీషులో తప్పు పోయింది."

అంతా చెప్పాను. సీసం ఇంటికి తీసుకుపోయిన సంగతి కూడా చెప్పాను. ఆయన లేచి గోడ మేకుకు గుచ్చిన ప్రూఫు తీశాడు. చూశాడు.

"మేష్ట్రు సంతకం ఉండాది గదా. ఆయన నెత్తిన పెడితే సరిపోతాది. మనకేం?"

"ఆయన చూడలేదు, నిజమే. పెట్టింది నేను. ఎవరి నెత్తిన పెట్టినా ఆ కాగితంలో టి యాడుందో ఆడే ఉంటాది గదన్నా."

మిషను మనిషి తొక్కడం ఆపేశాడు. యజమాని వాడి వైపు చూశాడు. వాడు మళ్ళీ తొక్కాడు, కాగితం పెట్టకుండానే.

"నేనేమని చెప్పినా నీకు?"

"ఇంకొక తప్పు వస్తే మడతల బల్ల అన్నారు."

"ఆ. రేపట్నుంచి ఆడికే." తల వంచి లెక్కల పుస్తకం తెరిచాడు, మూశాడు. "ఇప్పుడు ఒక సవరణ చీటీ కంపోజ్ చెయ్. హెడ్మేష్ట్రును నేను అడిగి వస్తా. ఒప్పుకుంటాడో తరుముతాడో."

ఆయన సైకిలెక్కి పోయాడు. నేను కేసు ముందు నిలబడ్డాను, ఆఖరిసారి అనుకుంటూ. తొమ్మిదో ప్రశ్నలో ఐదో మాటను ఇట్లా ఒకే మాటగా చదువుకోవాలి, అంతే విషయం. దానికి ఆ మాటను లైను నడుమ ఒంటరిగా నిలబెట్టాను. అటు ఖాళీ, ఇటు ఖాళీ. జన్మలో నేను అంత జాగా పాడు చేయలేదు. కత్తిరింపు ముక్కలను పారేయనివ్వకుండా నేను గోనెలో దాచేదాన్ని, దానికి అందరూ నన్ను ఎగతాళి చేసేవాళ్ళు. చీటీలకు అవే సరిపోయాయి. మిషను మనిషి ఎగతాళి చేయకుండా గోనె మోసుకొచ్చాడు.

యజమాని రావడానికి మధ్యాహ్నం దాటింది. ఆ రెండు మూడు గంటల్లో నేను ఎన్నిసార్లు వీధిలోకి తొంగి చూశానో చెప్పలేను. సైకిలు ఆనించి, నీళ్ళు తాగి, "ఒప్పుకున్నాడు" అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు. అక్కడ ఆయన ఏమి పడ్డాడో నాకు ఇప్పటికీ తెలియదు.

మంగళవారం నేను మడతల బల్ల దగ్గర ఉన్నాను. చీటీలు అన్ని బడులకూ చేరాయా, చేరినా ఎవరైనా చదివి వినిపించారా, అదే గుబులు. మడత వంకర పోతుంటే విప్పి మళ్ళీ మడిచాను. కేసు ముందు మిషను మనిషి నిలబడ్డాడు. వాడి వేళ్ళు గళ్ళలో తడుముకునే చప్పుడు వింటూ కూర్చోవడం నాకు అన్నిటికంటే కష్టమైంది.

పేపర్లు దిద్దడం అయ్యాక మేష్టరు వచ్చాడు. నేరుగా యజమాని బల్ల దగ్గరికి పోయి, అందరికీ వినబడేట్టు చెప్పాడు. "ఆ ప్రూఫు నేను చూడకనే సంతకం పెట్టినా. బస్సు పోతాదని." యజమాని "ఊ" అన్నాడు. మేష్టరు నా వైపు తిరిగాడు.

"చీటీ అన్ని బడులకూ చేరిందమ్మా."

"పిల్లోళ్ళు రాసినారా మేష్ట్రే?"

"యాడ? చీటీ చూసినాక కూడా సగం మంది కుట్టు కాడే విప్పినారు." నవ్వాడు. "తప్పు నాదే అనుకో. నేను చెప్పేటప్పుడు తోకలు చెప్పినా, నోరు చెప్పలేదు. ఈసారి వాడన్నాడుతో మొదలుపెడతా."

నా మనసులో సగం బరువు దిగింది. మిగతా సగం దిగలేదు. కేసు పోయింది పోయినట్టే ఉంది. పెళ్ళిళ్ళ నెలలు అయిపోవస్తున్నాయి, ఆ తర్వాత మడవడానికి ఏముంటుందని రోజూ మిగిలిన కట్టలను చూసుకునేదాన్ని.

పిల్లలూ, తప్పు ఒప్పుకుంటే అంతా చక్కబడుతుందని మీకు చెప్పడానికి ఇది రాయడం లేదు. నాకు చక్కబడలేదు, చాలా రోజులు. నేను ఒప్పుకున్నది ధైర్యం ఉండి కాదు. ఆ టి ని అట్లా అవతల ఒంటరిగా వదిలేసి నిద్ర పట్టక.

ఒకనాడు ఇంగ్లీషు నోటీసు ఒకటి వచ్చింది. మిషను మనిషి పొద్దుటినుంచి దానితో కుస్తీ పడుతున్నాడు. ప్రూఫు తీశాడు, యజమాని చూశాడు, చించాడు. మళ్ళీ తీశాడు, మళ్ళీ చించాడు.

"అక్కా, ఈ పర్మిషన్‌ను యాడ ఇరవాల?" అని వాడు అక్కడినుంచే అరిచాడు.

నేను తల ఎత్తలేదు. "నన్నెందుకప్పా అడిగేది? నేను మడిచేదాన్ని."

బల్ల మీద నీడ పడింది. యజమాని నా ముందు నిలబడి ఉన్నాడు, చేతిలో స్టిక్కు. దాన్ని నా ముందు పెట్టాడు. కేసు వైపు తల ఊపాడు. ఆయన పిలుపు అంతే.

స్టిక్కు వంక చూశాను. చెయ్యి చాచితే అందే దూరంలో ఉంది. చాచలేదు. బల్ల మీద ఇంకా మడవాల్సినవి ఒక కట్ట ఉన్నాయి.

"ఈ కట్ట అయినాక వస్తానన్నా" అన్నాను.

ఆయన ముక్కాలి పీట లాక్కుని పక్కనే కూర్చున్నాడు. నేను తొందరపడకుండా, అంచుకు అంచు కలిపి, ఒక్కొక్కటీ మడిచాను.